ముప్పై ఒక్క పడవల తాళ్ళు

ఈ ఏడు కార్తీక పున్నమి పొద్దున్న, గంజాం జిల్లా ఆర్యపల్లి ఒడ్డున, బాలవాడి పిల్లల ముప్పై ఒక్క బొమ్మ పడవలకు కట్టిన తాళ్ళను కత్తెరతో కోసినవాడు సూరాడ మసేను. ఆ తాళ్ళు కట్టిన కాసమ్మను, ఆమె వయసు చూడకుండా, నలుగురిలో అనరాని మాట అన్నవాడూ అతడే. ఆ మసేను నేనే. వీలునామా మొదటి వాక్యంలో దేవుణ్ణి తలుచుకోవడం ఆచారమని నేను చదివిన న్యాయసలహా కరపత్రంలో ఉంది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. చేసిన తప్పు మీద ఉంది. అందుకని దాన్నే ముందు పెట్టాను.

నేను సూరాడ దేముడు కొడుకును. వయసు ఇరవై రెండు. పదో తరగతి తప్పాను, ఆ తర్వాత చదివినదంతా కరపత్రాల్లోనే. మా ఊరి యువజన సంఘానికి కార్యదర్శిని. ఎల్లుండి సోమవారం పారాదీప్‌లో ట్రాలరు మీద పనికి పోతున్నాను. సంద్రం మీదకు పోయినవాడు తిరిగి వస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక, ఒంట్లో జ్వరం గానీ కడుపులో సారా గానీ లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా చేత్తో నేనే దీన్ని రాస్తున్నాను. తెలివిలో ఉన్నానంటే పున్నమి నాడు నన్ను చూసినవాళ్ళు నవ్వుతారు. ఆ రోజు కూడా నేను తెలివిలోనే ఉన్నాను. సిగ్గు అందుకే.

దీన్ని అమలు జరిపే బాధ్యత బాలవాడి టీచరు జయలక్ష్మి గారిది. ఆమె బరంపురం హల్దియాపదర్ నుంచి రోజూ బస్సులో వచ్చి మా పిల్లలకు అక్షరాలు నేర్పుతారు. అడగగానే ఒప్పుకున్నారు గానీ, "నీకు ఆస్తేముందయ్యా మసేనూ, కోపం తప్ప?" అన్నారు. కోపాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు. అది నాతోనే పోవాలి.

ఒకటో అంశం: కత్తెర.

ఎర్ర పిడి ఉన్నది. పిల్లల చేత కాగితం పనులు చేయిద్దామని బరంపురంలో నేనే కొన్నది. ఇది ఎవరికి చెందాలో ఆరో అంశంలో రాస్తాను. ముందు ఇది ఏం చేసిందో రాయాలి.

కాసమ్మ మామ్మ పాక బాలవాడి పక్కనే. ఆమె కంటపడితే పారేసిన వస్తువంటూ ఉండదు. తాటిబుర్రలు రెండు దొరికితే బండి. కొబ్బరాకు దొరికితే బూర, పాము, చేతి గడియారం. కొబ్బరి చిప్పలో గవ్వలు పోసి మూతి బిగిస్తే చంటిదానికి గిలక్కాయ. కార్తీక పున్నమికి ఒడియా వాళ్ళు అరటి డొప్పల పడవలు వదులుతారు. అది చూసి మా పిల్లలకూ సరదా పుట్టింది. వాళ్ళ కోసం మామ్మ జీలుగు బెండు చెక్కి పిల్లకొక పడవ చేసింది. పాత చీర ముక్కలు తెరచాపలు. ప్రతి పడవ వెనక ఒక తాడు, తాడు చివర చిన్న వెదురు గూటం. గూటాన్ని పొడి ఇసకలో దిగ్గొట్టాకే పడవను నీళ్ళలో వదలాలి. దాన్ని ఆమె గంగమ్మ తాడు అంటుంది. "తాడు తెగితే గంగమ్మకి కోపమొస్తాదర్రా. తాడెంతో మీ సంద్రం అంతే" అని పిల్లలకు చెప్పేది.

ఆ మాటలో నాకు గంగమ్మ ఒక్కతే వినిపించింది. అప్పటికి మూఢనమ్మకాల మీద మూడు కరపత్రాలు చదివి ఉన్నాను. పిల్లల ముందు నిలబడి, పడవ అంటే స్వేచ్ఛ అనీ, పెద్దవాళ్ళు తమ భయాన్ని తాడుగా పేని పసివాళ్ళ చేతికి ఇస్తున్నారనీ ఉపన్యాసం చెప్పి, ఒక్కో తాడే కోయడం మొదలుపెట్టాను. మామ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వొద్దురా బాబూ, తాడు తెంపకు. ఆడోళ్ళున్నారు" అంది.

ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మగవాళ్ళు అప్పుడు వేట మీద ఉన్నారు. మా వాడలో తాడు తెగిందంటే ఏమిటో చిన్నపిల్లకు కూడా తెలుసు. మొగుడు పోయాడని. ముప్పై ఒక్క తాళ్ళు కళ్ళముందు తెగుతుంటే ఆ ఆడవాళ్ళ చేతులు వాటంతటవే మెడలో పుస్తెల మీదకు పోయాయి. అది చూసి నేను ఆగాల్సింది. నాకు కోపం ఇంకా పెరిగింది. మామ్మ వైపు తిరిగి ఏమన్నానో రాయక తప్పదు: "నీ తాడు తెగిననాడు నీ గంగమ్మ ఏ మూల నిద్దరోయిందే ముసిలీ?"

మామ్మ మొగుడు పద్దెనిమిదేళ్ళ కింద వేటకు పోయి తిరిగి రాలేదు. ఒళ్ళు కూడా దొరకలేదు.

ఆమె నా చెయ్యి వదిలేసింది. మిగిలిన తాళ్ళు సులువుగా తెగాయి.

రెండో అంశం: నా రేకుపెట్టెలో గుడ్డలో చుట్టి ఉన్న బెండు పడవ, దాని తాడుతో సహా.

ఇది మా అక్క సీతాలప్ప కూతురు అమ్మడికి. అమ్మడికి ఆరేళ్ళు.

ఆ పొద్దున్న పడవలు వదిలాక పిల్లలు కేరింతలు కొట్టారు. నేను గెలిచాననుకున్నాను. అమ్మడి పడవ ఎర్ర తెరచాపది. అల మీద వెనక్కి వచ్చినట్టే వచ్చి లోపలికి పోయింది. అమ్మడు దాని వెనక నడిచింది. నేను అప్పుడు ఉపన్యాసం ముగింపులో ఉన్నాను, వీపు సంద్రానికి, ముఖం జనానికి. అంత మాట పడ్డాక కూడా పిల్లల వైపు చూస్తూ నిలబడ్డది మామ్మ ఒక్కతే. చీర ఎగ్గట్టి పరిగెత్తి నీళ్ళలో పిల్లను పట్టుకుంది. ఇద్దరినీ కలిపి అల తెచ్చి ఒడ్డున కట్టిన వేట పడవ మీదకు విసిరింది. అమ్మడి తలకూ పడవ చెక్కకూ మధ్య మామ్మ తన కుడిచెయ్యి పెట్టింది. అమ్మడి తల దక్కింది. చెయ్యి విరిగింది. "గుంటకి పొడిగుడ్డ సుట్టండి" అని మాత్రం అంది.

అమ్మడు ఇప్పుడు బాగానే తింటోంది, బాగానే ఆడుతోంది. నన్ను చూస్తే వాళ్ళమ్మ కుచ్చిళ్ళ వెనక్కి పోతోంది. సీతాలప్ప నా ముందే దానికి చెప్పింది: "మావ అనకే ఆణ్ణి. మావైతే నీకాసి సూసుండును." అప్పా, నువ్వన్నది నిజమే. నేను నీ పిల్ల వైపు చూడలేదు.

ఈ బెండు పడవ నాకు అయిదేళ్ళప్పుడు మామ్మ చేసి ఇచ్చింది. పారాదీప్‌కు బట్టలు సర్దుతుంటే పెట్టె అడుగున దొరికింది. నా పడవకూ తాడు ఉంది. ఆ సంగతే మరిచిపోయాను. తీసుకుపోయి, పొడి ఇసక అంచున గూటం దిగ్గొట్టి, తాడు చివరిదాకా సంద్రంలోకి నడిచాను. తాడు అయిపోయిన చోట నీళ్ళు నా చీలమండ దాటలేదు. పడవ ఎప్పుడు లాగినా చేతికొస్తుంది, దాని కోసం పిల్ల నీళ్ళలోకి పోనక్కర్లేదు. అందులో గంగమ్మ ఎక్కడా లేదు. కొలత ఉంది. నేను చదివిన కరపత్రాలన్నిటిలో లేని కొలత.

అమ్మడు దీన్ని తీసుకోనంటే బలవంతం చేయకండి. పిల్లకు అందేంత ఎత్తులో చూరుకు వేలాడదీయండి చాలు.

మూడో అంశం: "చిన్నపిల్లలకు సులువైన చేతిబొమ్మలు" అనే పుస్తకం.

పదహారు పేజీలు, పన్నెండు బొమ్మలు, తెలుగులోనూ ఒడియాలోనూ, బరంపురంలో సంఘం పేరున రెండు వందలు అచ్చు వేయించాను. అట్ట మీద "రచన: సూరాడ మసేను" అని ఉంది. ఆ పన్నెండింటిలో ఒక్కటి కూడా నాది కాదు. తాటిబుర్రల బండి, గవ్వల గిలక్కాయ, కొబ్బరాకు గడియారం, అన్నీ మామ్మవే. ఆమె పాక ముందు గొంతుక్కూర్చుని, "ఈ ముడి ఎలాగ మామ్మా, మళ్ళీ సూపించు" అని ఒకటికి పదిసార్లు చేయించుకుని, బొమ్మలు గీసుకుని, ఇంటికొచ్చి రాశాను. ముందుమాటలో ఆమె పేరు లేదు. "గ్రామీణ నిరక్షరాస్యుల్లో కనబడే కొన్ని ఆటవస్తువులను మూఢాచారాలు తొలగించి అందిస్తున్నాం" అని ఉంది. ఈ వాక్యం రాసిననాడు రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను.

తనది కానిదాన్ని వీలునామాలో రాసివ్వడం చెల్లదని న్యాయసలహా కరపత్రంలో స్పష్టంగా ఉంది. కాబట్టి ఈ పుస్తకాన్ని కాసమ్మ గారికి రాసివ్వడం లేదు, తిరిగి అప్పగిస్తున్నాను. మళ్ళీ అచ్చు వేస్తే అట్ట మీద ఆమె పేరు ఉండాలి. నా పేరు వేయాలనిపిస్తే ఎనిమిదో పేజీ అడుగున, తప్పు రాసినవాడిగా వేయండి.

నాలుగో అంశం: ఆ ఎనిమిదో పేజీ.

ఈ వీలునామాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జయలక్ష్మి గారు మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని మరవకూడదు.

ఎనిమిదో పేజీలో బెండు పడవ చేయడం ఉంది. చివరి వాక్యం ఇది: "తాడు అవసరం లేదు, పడవను స్వేచ్ఛగా నీటిలో వదలండి." పండక్కి ముందే ఈ పుస్తకాలు సైకిలు మీద వేసుకుని ఛత్రపురం, చమఖండి, ఇంకా ఒడ్డు వెంబడి వాడవాడకూ తిరిగి నా చేత్తో పంచాను. అమ్మడు నీళ్ళలో పడ్డ మూడో రోజు నుంచి అదే సైకిలు మీద మళ్ళీ తిరుగుతున్నాను. దొరికిన ప్రతి పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, కింద మామ్మ మాట రాస్తున్నాను: "గూటం పొడి ఇసకలో. తాడెంతో సంద్రం అంత." ఇంకా యాభై ఏడు దొరకలేదు, వాటిని జయలక్ష్మి గారు వెతికి దిద్దాలి. చమఖండిలో ఒక తల్లి తన పిల్ల పడవకు తాడు విప్పేసిందట. "పుస్తకంలో రాసుందిగదా బాబూ" అంది. నేను రాసినదాన్ని నమ్మి ఒక మనిషి ఒక పని చేయడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అలా జరిగింది.

ఇప్పటిదాకా ఏ ఊళ్ళోనూ ఏ పిల్లకూ ఏమీ కాలేదు. కాకపోవడం నా గొప్ప కాదు. పిల్లలు పండగ కోసం ఆగరు, ఏ రోజైనా పడవ వదులుతారు.

నా సైకిలు ఈ పని పూర్తయ్యేదాకా జయలక్ష్మి గారి ఆధీనంలో ఉంటుంది. ఆ తర్వాత సంఘానిది. సంఘం అంటే మా కోశాధికారి సూరన్న కాదు. పున్నమి నాడు మొదట చప్పట్లు కొట్టినవాడు సూరన్న. మామ్మను మోసుకుపోతుంటే "నాకేటి తెల్దు, అంతా మసేనే" అన్నవాడూ సూరన్నే. అతని గురించి ఇక్కడ ఇంకో పేరా రాసి కొట్టేశాను. అతను చెప్పింది అబద్ధం కాదు గనుక.

అయిదో అంశం: మా నాన్నకు.

నా కరపత్రాల కట్టలన్నీ నాన్నకే. నాలుగేళ్ళుగా అడక్కుండా తీసుకుని వాటితో చుట్ట ముట్టిస్తున్నాడు. ఒకసారి అంటరానితనం మీద రాసిన కరపత్రంతో ముట్టించినప్పుడు మూడు రోజులు అన్నం మానేశాను. "కాయితం మంచిదిరా, బేగి అంటుకుంటంది" అన్నాడు. ఇప్పుడు హక్కుగా ముట్టించుకోవచ్చు.

ఒక్క సంగతికి మాత్రం నాన్నకు దండం పెట్టాలి. అమ్మడు దక్కిన సాయంత్రం ఇంట్లో నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను. అదో ప్రమాదం, దానికీ తాడుకూ సంబంధం లేదని. నాన్న వల విదిలిస్తూ, నా ముఖం చూడకుండా అన్నాడు:

"ఆ తాడు ఎప్పట్నుంచి కడతందో తెలుసేటిరా నీకు? ఆళ్ళ కొడుకు పోలిగాడు పోయిన కాడ్నుంచి. నాలుగేళ్ళోడు. బెండు పడవ ఎనకాల ఎల్లిపోనాడు. ఆ పడవ సేసిచ్చింది కాసమ్మే."

మరి ఆ మాట ఎవరికీ చెప్పదేమని అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరు మాత్రం వినరు, గంగమ్మ పేరెందుకని కూడా అడిగాను. అంత సిగ్గులేని నోరు నాది.

"సచ్చినోడి కత సెప్పి పిల్లలకి బొమ్మలిత్తారేట్రా ఎవులైనా?" అన్నాడు నాన్న.

దీనికి జవాబు ఏ కరపత్రంలోనూ లేదు. వెతికాను.

ఆరో అంశం: కాసమ్మ గారికి.

ఒకటో అంశంలో చెప్పిన కత్తెర. వలలో నా వంతు ముక్క, పిల్లలకు ఉయ్యాలలు అల్లడానికి. ఆమె పాక మీద ఈ ఏడు కప్పించాల్సిన తాటాకు, మా నాన్న ద్వారా.

మామ్మకు అడ్డపొగ అలవాటు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. అది నోటికి పుండు తెస్తుందని రెండేళ్ళ కింద ఒక కరపత్రం ఆమెకు చదివి వినిపించాను. "నా నోట్లో నిప్పుంటే నీకేట్రా కాల్తంది?" అంది. వాడంతా నవ్వింది. ఆ ఒక్క విషయంలో మాత్రం నాదే రైటని ఇప్పటికీ అంటాను. ఇది కూడా రాయకపోతే పూర్తిగా లొంగిపోయినట్టుంటుంది. అయితే ఆ రోజు వాడంతా నవ్విన నవ్వు నా లోపల రెండేళ్ళు ఉండిపోయిందనీ, పున్నమి నాడు నా నోట వచ్చిన మాటలో అది కూడా కలిసి ఉందనీ ఒప్పుకుంటున్నాను. మూఢనమ్మకం మీద కోపమని పైకి చెప్పాను. అంతా అదే కాదు.

ఆమె చేతి కట్టు విప్పాక ఒకసారి చూడ్డానికి పోయాను. గుమ్మంలో కూర్చుని కొబ్బరాకును కాలి బొటనవేళ్ళ మధ్య పట్టుకుని ఎడంచేత్తో చీలుస్తోంది. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆకు చీలిక వంకరపోయింది. పారేసి ఇంకోటి తీసింది. అదీ వంకరే. తల ఎత్తి నన్ను చూసి, "కత్తెర తెచ్చినావేటిరా?" అంది.

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. నిజం చెప్పాలంటే పరిగెత్తాను. అది ఎత్తిపొడుపో, నిజంగా ఆకు కోసుకోవడానికి అడిగిందో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ మర్నాడే ట్రాలరు పనికి పేరు ఇచ్చాను. పని కోసం పోతున్నానని అందరికీ చెప్పాను. పని కోసం కాదు.

ఈ కత్తెరను జయలక్ష్మి గారు కాసమ్మ గారి చేతికి ఇచ్చి, నా తరఫున క్షమాపణ చెప్పవలసింది.

ఏడో అంశం: సాక్షులకు చదివి వినిపించాక రాసినది.

పై ఆరు అంశాలతో వీలునామా అయిపోయిందనుకున్నాను. సాక్షులకు లోపలి సంగతి చెప్పనక్కర్లేదు, సంతకం పెట్టడం చూస్తే చాలని కరపత్రంలో ఉంది. కానీ వలలు బాగుచేసే పైడయ్య మావ ఒప్పుకోలేదు. "ఇనకుండా ఏలిముద్ర ఎయ్యను. సదువు" అన్నాడు. ఎండుచేపలమ్మే వరలక్ష్మొదిన రెండో సాక్షి. పున్నమి నాడు పుస్తె పట్టుకున్నవాళ్ళలో ఆమె ఒకతె. "సంతకం ఎడతాను గానీ నీతో మాట్టాడను" అని ముందే చెప్పి కూర్చుంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. పున్నమి నాడు మామ్మను అన్న మాట దగ్గర నేను ఆగితే, వరలక్ష్మొదిన మాట్లాడకుండానే చెంబుతో నీళ్ళు జరిపింది.

అంతా విని పైడయ్య మావ అడిగాడు: "బాగానే రాసినావు. ఇది ఎప్పుడు అమలౌతాది?"

నేను పోయాక అన్నాను.

"అంటే, నువ్వు సచ్చినాక టీచరమ్మొచ్చి కాసమ్మకి తప్పైపోనాదని సెప్పాల. నువ్వు సావకపోతే?"

నేను ఆరో అంశం చివరి వాక్యం మళ్ళీ చదువుకున్నాను.

"పారాదీప్ ఎల్లడానికి గుండుండాలని అందరూ అంతన్నారు. కాసమ్మ పాక ఇక్కడికి నలబై అడుగులు. ఏది దూరమో నువ్వే సూసుకో" అని వేలు సిరాలో ముంచడానికి ముందుకు చాపి, చాపిన వేలు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అప్పటికి నాకు తెలిసింది. వీలునామా రాయడం నేను అనుకున్నంత ధైర్యమైన పని కాదు. క్షమాపణ చెప్పే పనిని నా శవం మీదకు నెట్టాను. ఎనిమిదో పేజీని టీచరు మీదకు నెట్టాను. యాభై ఏడు పుస్తకాల్లో తప్పు బతికి ఉండగా దాన్ని రాసినవాడు రైలెక్కి పోతున్నాడు.

కాబట్టి ఆరో అంశంలోని చివరి వాక్యాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నాలుగో అంశంలో జయలక్ష్మి గారి పేరున్న చోట, నేను బతికి ఉన్నంతవరకు, నా పేరు చదువుకోవాలి. కత్తెర నా మరణం దాకా ఆగదు. మిగతావి మాత్రం రాసినట్టే ఉంటాయి.

ఇది చదువుతున్నవాళ్ళకూ, చదివించుకుని వింటున్నవాళ్ళకూ: రేపు ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఆడవాళ్ళు సంత నుంచి తిరిగొచ్చే వేళకు, బాలవాడి ముందు చేపలారేసే ఇసక మీదకు అందరూ రండి. పున్నమి నాడు ఎవరెవరు ఉన్నారో వాళ్ళంతా రావాలి. ఆ మాట విన్న చెవులే ఈ మాటా వినాలి. నా పుస్తకం ఎవరింట్లో ఉన్నా పట్టుకురండి. చమఖండిలోనో ఇంకో వాడలోనో చుట్టాలున్నవాళ్ళు వాళ్ళకు కబురు చేయండి. పిల్లల్ని తీసుకురండి. ముప్పై ఒక్క బెండు ముక్కలు నేను చెక్కి తెస్తాను, వంకరగా ఉంటాయి. తాడు ఎంత ఉండాలో కాసమ్మ మామ్మ కొలిచి చెప్పాలని అడుగుతాను. చెప్పనంటే అదీ నలుగురి ముందే పడతాను. ఉపన్యాసం ఉండదు. సోమవారం రైలు సంగతి ఆ తర్వాత.

నాలుగింటికి. కత్తెర తెస్తున్నాను మామ్మా.

ఆర్యపల్లి, 14 డిసెంబరు 1991, శనివారం.

(సంతకం) సూరాడ మసేను

సాక్షులు:
పైడయ్య, వలలు బాగుచేసే పని, ఆర్యపల్లి. ఎడమచేతి బొటనవేలి ముద్ర. ఏడో అంశం విన్నాకే వేసినది.
వరలక్ష్మి, ఎండుచేపల వ్యాపారం, ఆర్యపల్లి. (సంతకం)